ధరలు, కొలువులు: ఫిలిప్స్ రేఖ

ధరలు తగ్గవలెనన్నచో కొందరు పని కోల్పోక తప్పదా? ఆర్థికశాస్త్రమున బహుకాలముగ నలుగుచున్న ఈ ప్రశ్నను నేడు మనము కొంత విచారింతము.

1958లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేయుచుండిన ఎ. డబ్ల్యు. ఫిలిప్స్ ఒక వ్యాసము ప్రకటించెను. ఈయన న్యూజిలాండు దేశీయుడు; దేశమున ధనము పారు తీరును గొట్టములలో నీరు పారించి చూపు యంత్రమును 1949లోనే నిర్మించినవాడు. 1861 మొదలు 1957 వరకు బ్రిటనులోని నిరుద్యోగమును, కూలిరేట్ల పెరుగుదలను ప్రక్కప్రక్కన నుంచి చూడగా, పనిలేనివారు తక్కువగానున్న ఏండ్లలో కూలి త్వరగా పెరుగుట ఆయనకు కానవచ్చెను. పనివారు దొరకనపుడు యజమానులు పోటీపడి కూలి పెంచుదురు. ఆ ఖర్చు సరకుపై పడును.

1960లో అమెరికాలో శామ్యూల్‌సన్, సోలో అను ఆచార్యులు ఈ రేఖను ధరలకు అన్వయించిరి. ఇంత నిరుద్యోగమునకు ఇంత ధరల పెరుగుదల యని ప్రభుత్వములు బేరము కుదుర్చుకొనవచ్చునని పలువురు తలచిరి. కాలక్రమమున రేఖయే కదలవచ్చునని ఆ యిరువురును హెచ్చరించియేయుండిరి. హెచ్చరికలు చదువువారు అరుదు.

1967లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఈ బేరమును ఆక్షేపించెను. ఎడ్మండ్ ఫెల్ప్స్ వేరుగా అట్టి వాదమునే చేసెను. ధరలు ఏటేట పెరుగునని యెరిగిన పనివాడు ఆ పెరుగుదలను ముందే లెక్కించి కూలి అడుగును. అంతట ధరలు పెరుగును గాని కొలువులు పెరుగవు. ఇది ప్రతి సంసారికిని తెలిసిన లెక్కయే. బియ్యము ప్రియమగునని తెలిసిన ఇంటివారు పాత జీతమునకు సమ్మతింతురా?

1973లో చమురు ధర విపరీతముగ పెరిగెను. 1975లో అమెరికాలో నిరుద్యోగము నూటికి 9కి చేరగా, ధరలును ఆ యేట నూటికి 9 వంతున పెరిగినవి. రేఖ ప్రకారము ఇట్లు జరుగరాదు.

1979లో ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడైన పాల్ వోల్కర్ ద్రవ్యసరఫరాను బిగించెను. 1980లో నూటికి 13కు మించిన ధరల పెరుగుదల 1983 నాటికి 3 ప్రాంతమునకు దిగెను. ఈలోపల, 1982 చివర, నిరుద్యోగము నూటికి 10.8కి ఎక్కెను. కావున కొద్దికాలమునకు ఫిలిప్స్ రేఖ నిజమే యని చెప్పవలెను. పాఠ్యగ్రంథములు దీనిని స్వల్పకాలమనును. కర్మాగారము మూతపడిన ఊరివారు దానికి ఏ పేరు పెట్టియుందురో!

మన దేశమునకు ఈ రేఖ సులభముగ అతకదు. ఇచట పలువురు సేద్యముతోను, చిల్లర వర్తకముతోను, దినకూలితోను జీవించువారు. పని సన్నగిల్లినను నిరుద్యోగుల లెక్కకు రాక, అరకొర పనితో నెట్టుకొనివత్తురు. వాన తప్పిన యేట పొలమున కూలిపని పోవును, అంగడిలో కందిపప్పు ధర అదే యేట పెరుగును.