పంచాంగమూ, మంచు యుగాలూ, పావగడ వానలూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణం మన ఆచారం. రాజెవరు, మంత్రి ఎవరు అన్నది విన్నాక మన చెవులు నిక్కబొడుచుకొనేది ఒక్కచోటనే. ఈ ఏడు వాన ఎంత? అందులో సముద్రానికెన్ని పాళ్ళు, కొండలకెన్ని, భూమికెన్ని? పావగడ తాలూకా వంటి మెట్టసీమ వదలి వచ్చిన మా వంటి కుటుంబాలకు తక్కిన ఫలితాలన్నీ దాని తరువాతివే. పావగడ తుమకూరు జిల్లాలోనిదే అయినా, పాత అనంతపురం జిల్లా దానిని చాలావరకు చుట్టుకొని ఉన్నది. కచేరీ భాష కన్నడము, ఇంటి భాష తెలుగు. ఉత్తర పినాకిని నాగలమడిక మీదుగా పోతుంది గాని, ఏటిలో నీటికన్న ఇసుక కనబడే దినాలే ఎక్కువ. కనుక వానను నడిపించేది ఏది అన్న ప్రశ్న మనకు వట్టి శాస్త్రచర్చ కాదు, అన్నం ప్రశ్న.

ముందుగా పంచాంగంలోనే ఉన్న ఒక మాట తీసుకొందాము. అది అయనాంశ. భూమి ఒక బొంగరం. తిరిగే బొంగరం తల ఎట్లా మెల్లగా గుండ్రంగా ఊగుతుందో, భూమి ఇరుసు కూడా అట్లాగే ఊగుతుంది. ఒక ఊగు పూర్తి కావటానికి సుమారు 26,000 ఏండ్లు. సూర్యసిద్ధాంతం ఈ చలనాన్ని ఏడాదికి 54 వికలలని చెప్పింది. నేటి కొలత 50 వికలలకు కొంచెం పైన. సూర్యుడు ఉత్తరానికి మరలేది డిసెంబరు 21, 22 తేదీలలో అయితే, మన మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలకు జరిగిపోవటం దీనివల్లనే. మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో చర్చించినది ఈ తేడానే.

ఇరుసు ఊగటంతో పాటు మరి రెండు మార్పులున్నవి. ఇరుసు వంపు 22.1 అంశల నుండి 24.5 అంశల వరకు పెరిగి తరుగుతుంది. దానికి 41,000 ఏండ్లు. భూకక్ష్య ఇంచుమించు గుండ్రన నుండి కొంచెం కోలగా మారి తిరిగి వస్తుంది. దానికి సుమారు లక్ష ఏండ్లు. వీటివల్ల శీతోష్ణస్థితి మారునేమో అని 1864లో వ్రాసినవాడు జేమ్స్ క్రాల్. ఆయన స్కాట్లండులో ఒక విద్యాసంస్థకు కాపలాదారుగా ఉంటూ, అక్కడి పుస్తకాలు చదివి పండితుడైనవాడు. ఆ పిమ్మట సెర్బియా దేశీయుడు మిలుటిన్ మిలాంకోవిచ్, మొదటి ప్రపంచ యుద్ధంలో బుడాపెస్టులో నిర్బంధంలో ఉండి కూడా లెక్కలు విడువక, 1941లో తన మహాగ్రంథం ప్రకటించాడు. ఆయన పట్టిన కీలకం ఇది: మంచు యుగానికి కావలసింది గడ్డు చలికాలం కాదు, చల్లని వేసవి. ఉత్తర దేశాలలో వేసవి ఎండ చాలకపోతే నిరుటి మంచు కరగక మిగులుతుంది. దానిమీద ఈ ఏటి మంచు చేరుతుంది.

అట్లా చేరిన మంచు ఊరకుండదు. సున్నం కొట్టిన మిద్దె ఎండను తిప్పికొట్టినట్లు తెల్లని మంచు ఎండను తిప్పికొట్టి మరింత చలి పుట్టిస్తుంది. ఎత్తు పెరిగినకొద్దీ చలి పెరుగుతుంది. దాని బరువుకు కింది నేల కుంగుతుంది. సుమారు 21,000 ఏండ్లనాడు కెనడానూ, ఉత్తర యూరపునూ కొన్నిచోట్ల మూడు కిలోమీటర్ల మందాన మంచు కప్పి ఉండేది. ఆ నీరంతా మంచుగా నిలిచిపోగా సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది.

ఇదంతా ఊహ కాదనటానికి సాక్ష్యం మన హిందూ మహాసముద్రం నుండే వచ్చింది. దాని దక్షిణ భాగాన అడుగు బురదను తోడి పరిశీలించి, హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే మువ్వురు 1976లో ఈ కాలచక్రాలు ఆ బురదలో స్పష్టంగా ఉన్నవని చూపించారు. అయినా ఒక చిక్కు మిగిలింది. కక్ష్య కోలదనం మారటంవల్ల ఎండలో వచ్చే తేడా అత్యల్పం. మరి మంచు యుగాలు లక్ష ఏండ్లకొకసారి రావటమేమి? 2013లో జపాను శాస్త్రజ్ఞురాలు ఆయాకో అబే-ఔచి బృందం కంప్యూటరులో ఒక లెక్కల భూమిని కట్టి, మంచునూ నేలనూ అందులో చేర్చి నడిపింది. అమెరికా మంచు బాగా పెరిగాక, వేసవి ఎండ హెచ్చిన తరుణంలో, కుంగిన నేల వెంటనే పైకి లేవజాలదు. పల్లంలో చిక్కిన మంచు తొందరగా కరిగిపోతుంది. కక్ష్య చేసేది సైగ మాత్రమే. పని చేసేవి మంచూ, నేలా, గాలీ.

మరి మన వాన మాట? నైరుతి పవనాలు వీచేది నేల సముద్రంకన్న త్వరగా కాగటంవల్ల. ఇప్పుడు భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో. 9,000 ఏండ్లనాడు అది జులై నెలలో. ఆనాటి ఎండను లెక్కల భూమికి ఇచ్చి, 1981లో జాన్ కుట్జ్‌బాక్ అప్పుడు వానలు నేటికన్న బలంగా కురిసేవని చూపించాడు. నీలగిరులలో కుళ్ళిన గడ్డి పేరుకొన్న నల్లమన్నును పరీక్షించి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన రామన్ సుకుమార్, ఆయన తోటివారు 1993లో ఇదే రీతి కథ చెప్పారు: మంచు యుగాన కరవు, పిదప వానలు, ఆపైన మళ్ళీ ఎండు కాలం.

ఇక్కడ కొందరు పెద్దలు అంటారు: "కాలం ఎప్పుడూ మారుతూనే ఉన్నది గదా, మన చేతిలో ఏమున్నది?" ఈ మాటలో సగమే నిజం. కక్ష్య మార్పులు వేలయేండ్లకు గాని తెలియవు. తాతకూ మనుమనికీ మధ్య వాటి ప్రభావం సున్న. ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ వేలయేండ్లుగా మెల్లగా తగ్గుతూ వస్తున్నది. ఆ లెక్కన భూమి చల్లబడాలి. కాని వేడెక్కుతున్నది. అంటార్కిటికా మంచులో చిక్కిన గాలిబుడగలు చెప్పేదేమంటే, గడచిన 8 లక్షల ఏండ్లలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళకు సుమారు 180, 300 మధ్యనే ఉండేది. నేడు 420 దాటింది. దీనికి గ్రహచారం బాధ్యత కాదు; మన పొగగొట్టాలదే.

బంగాళాఖాతపు అడుగు మట్టిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఆ వాయువు పెరిగి మంచు తగ్గినప్పుడెల్లా మన ఉపఖండంలో వాన హెచ్చేదని 2021లో ప్రకటించారు. అది విని పావగడ చెరువులు నిండుతాయని సంబరపడరాదు. అది ఉపఖండమంతటికీ వేసిన లెక్క, ఒక తాలూకాకు చెప్పిన జోస్యం కాదు. ఒక్కరోజున కుండపోతగా కురిసి నెల్లాళ్ళు మొగం చాటేసే వాన వేరుశనగ పైరును బ్రతికించదు.

మన సీమ ఈ కథలో ప్రేక్షకస్థానంలో లేదు. తిరుమణి చుట్టుపక్కల ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో సౌర విద్యుత్కేంద్రం 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్లకు పూర్తయింది. మనలను మాడ్చిన ఎండయే బొగ్గుకు బదులు పని చేస్తున్నది. రైతులు భూమిని అమ్మలేదు, గుత్తకిచ్చారు. ఇది మెచ్చదగిన పని. కాని గుత్త సొమ్ము పట్టా ఉన్నవారికే చేరుతుంది. ఆ పొలాల్లో కలుపు తీసి బ్రతికిన కూలికీ, గొర్రెలు మేపిన వానికీ అందులో పాలు లేదు. లోకానికి మేలు చేసే పని సొంత ఊరి పేదకు కీడు కారాదు. ఊరికి సాయం పంపేటప్పుడు గుడి గోపురంతో పాటు వారినీ, చెరువు పూడికనూ తలచుకొనవలెనని మా మనవి.

పంచాంగం వినటం మానమని మేము అనము. దానితోపాటు లెక్కల భూమి చెప్పే మాటను కూడా పిల్లలకు వినిపింతము. నక్షత్రాల నడక మన వశం కాదు. పొగా, చెరువూ, పొరుగువాని ఆకలీ మన వశంలోనివే.

ఈ నూతన సంవత్సరమున మన సీమలో సకాలవర్షములు కురిసి, అందరి ఇండ్లా గాదెలు నిండుగాక!