వార్డు మధ్యలో సిస్టర్ల టేబుల్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం యాభై ఏళ్ల పండుగ గుర్తుగా ఊరి ఆస్పత్రికి ఏదైనా చేద్దామని కమిటీ అనుకుంది. ఏం చేస్తే బాగుంటుందో నర్సు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కాబట్టి నన్ను చెప్పమన్నారు. కొందరు గేటు దగ్గర ఆర్చి కట్టిద్దామన్నారు. కొందరు స్కానింగ్ మిషను అన్నారు. ఒక తమ్ముడు ఇరవై మంచాలు కొనిస్తానన్నాడు. అందరి మనసూ మంచిదే. అయినా నేను అడిగేది వేరే. వార్డులో సిస్టర్లు కూర్చునే చోటు ఉంటుంది చూడండి, నర్సింగ్ స్టేషన్ అంటారు, జనం నోట్లో మాత్రం అది సిస్టర్ల టేబుల్. దాన్ని మొదట బాగు చేద్దాం. ఎందుకు అడుగుతున్నానో, అందులో ఏమేం ఉండాలో ఈ అరగంటలో చెప్తాను.

మన యాడికిలో మగ్గం తెలియని ఇల్లు తక్కువ. గుంటలో కూర్చున్న నేతగాడిని చూడండి. నాడె చేతి కింద, తొక్కుడు చెక్కలు కాళ్ల కింద, కండెల బుట్ట పక్కనే. దేనికీ లేవక్కర్లేదు. ప్రతి కండెకూ లేచి ఇంకో గదిలోకి పోవాలంటే చీర ఎప్పటికి తెగుతుంది? నర్సు పని కూడా అంతే. నలభై మంది రోగులున్న వార్డులో రాత్రి పూట ఇద్దరే సిస్టర్లు ఉన్నప్పుడు, సిరంజికి ఒక గది, మందుకు ఇంకో గది, కేస్ షీటుకు మూడో గది తిరిగితే ఆ నడకంతా రోగి పక్కన ఉండాల్సిన సమయంలోంచే పోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన మాట కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ఆస్పత్రుల కట్టడం మీద ఒక పుస్తకం రాసింది. గాలి, వెలుతురు ఎంత ముఖ్యమో, నర్సు కంటికి వార్డంతా ఆనడం కూడా అంతే ముఖ్యమని అందులో చెప్పింది. నూట అరవై ఏళ్లు దాటినా ఆ సూత్రం మారలేదు. మానిటర్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. కానీ రోగి పెదవులు నీలంగా మారడం, మంచం మీద అటూ ఇటూ కొట్టుకోవడం ముందుగా పట్టేది సిస్టరు కన్నే.

కాబట్టి మొదటి విషయం, టేబుల్ ఎక్కడ వెయ్యాలి అన్నది. చాలా చోట్ల తలుపు పక్కన, గోడ వైపు మొహం పెట్టి వేస్తారు. రాసుకునే సిస్టరు వీపు రోగుల వైపు ఉంటుంది. దాన్ని తిప్పి వార్డు మధ్యకు తేవడానికి ఖర్చేమీ లేదు. బాగా జబ్బుగా ఉన్నవాళ్ల మంచాలు దానికి దగ్గరగా వెయ్యాలి. కౌంటర్ మీద ఫైళ్లు గోడలా పేర్చకూడదు, కూర్చున్నా అవతలి మంచం కనపడాలి.

కౌంటర్ ఎత్తు రెండు రకాలుగా ఉండాలి. నిలబడి మందులు కలపడానికి మూడున్నర అడుగులు, కూర్చుని రాయడానికి రెండున్నర అడుగులు. ఆ తక్కువ ఎత్తు భాగం సిస్టర్లకే కాదు. చీటీ పట్టుకుని వచ్చిన జేజికి, వీల్ చైర్‌లో వచ్చిన మనిషికి మొహం కనపడేది అక్కడే. ఎత్తయిన కౌంటర్ వెనక నుంచి మాట్లాడితే మనకు తెలియకుండానే గొంతు పెద్దదవుతుంది, వాళ్లకు భయం పెరుగుతుంది.

పై పలక దేనితో చెయ్యాలి? పక్కనే తాడిపత్రి ఉంది, నాపరాయి వేద్దామంటారు. నేలకు మన బండను మించింది లేదు. కానీ అది సున్నపురాయి. ఆసిడ్ చుక్క పడితే చాలు, తింటుంది, మచ్చ పోదు. గ్రానైట్ ఒకే పలకగా వేస్తే అతుకులుండవు, రక్తం పడినా తుడిస్తే పోతుంది. చెక్కపొడి బోర్డుతో చేసిన అందమైన కౌంటర్లు వద్దు. రోజూ తడిగుడ్డ పడితే ఏడాదిలో అంచులు ఉబ్బి ఊడిపోతాయి. ఇనుప ర్యాకులకు రంగు వేసి ఇచ్చినా నిలవవు, ఆస్పత్రిలో తుడిచే హైపోక్లోరైట్ ద్రావణం ఇనుమును తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అయినా దాంతో తుడిచాక మళ్లీ నీళ్లతో తుడవాలి.

రెండోది ఎమర్జెన్సీ ట్రాలీ. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చక్రాలున్న స్టీలు బండి, నాలుగైదు సొరుగులు. పైన ఊపిరి అందించే ఆంబూ బ్యాగు, పెద్దవాళ్లకు, పిల్లలకు వేరువేరు మాస్కులు. ఒక సొరుగులో అడ్రినలిన్, అట్రోపిన్ లాంటి మందులు, ఒకదాంట్లో సిరంజిలు, క్యాన్యులాలు, ఇంకోదాంట్లో లారింగోస్కోపు, ట్యూబులు. పక్కన సక్షన్ మిషను, ఆక్సిజన్ సిలిండరు. సొరుగులకు ఒక ప్లాస్టిక్ సీలు వేస్తారు. సీలు తెగి ఉందంటే ఏదో వాడారని అర్థం, వెంటనే లెక్క చూసి నింపాలి. ప్రతి డ్యూటీ మారేటప్పుడు ఓవర్ ఇచ్చే సిస్టరు, తీసుకునే సిస్టరు ఇద్దరూ చూసి సంతకం పెట్టాలి. లారింగోస్కోపు బల్బు వెలుగుతుందా, సిలిండరులో గ్యాసు ఉందా అని రోజూ చూడాలి. సిలిండరు తిప్పే కీని గొలుసుతో దానికే కట్టెయ్యాలి. ఆ కీ కోసం పరుగెత్తిన అటెండర్లను నా సర్వీసులో చాలామందిని చూశాను.

ట్రాలీ ఎక్కడైనా ఒకటే. కానీ మన మెట్ట ప్రాంతం ట్రాలీలో రెండు వస్తువులు ఎక్కువగా ఉండాలి.

ఒకటి, కొత్త గాజు టెస్ట్ ట్యూబులు. శెనక్కాయ చేలో పాము కరిచి వచ్చిన మనిషికి విషం రక్తం మీద పనిచేస్తోందా లేదా తేల్చే పరీక్షకు పెద్ద మిషను ఏమీ అక్కర్లేదు. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు పెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూస్తే, గడ్డ కట్టకుండా పారితే రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కిందని తెలుస్తుంది. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు. సబ్బుపొడితో కడిగిన పాత గాజు ట్యూబు కూడా పనికిరాదు, సబ్బు అంటుకుని ఉంటే మంచి రక్తం కూడా గడ్డ కట్టదు, తప్పు ఫలితం వస్తుంది.

ఒక ఆస్పత్రిలో, పేరు వద్దు, ఒక రాత్రి నేను డ్యూటీలో ఉండగా అలాంటి కేసే వచ్చింది. ల్యాబుకు తాళం. వార్డులో ఉన్నవన్నీ ప్లాస్టిక్ ట్యూబులు. తాళం చేతులున్న మనిషి వచ్చేసరికి నలభై నిమిషాలు. ఈలోగా ఆ రైతు చిగుళ్లలోంచి రక్తం కనబడితే డాక్టరు గారు పరీక్ష కోసం ఆగకుండా విషం విరుగుడు మొదలుపెట్టారు. ప్రాణం దక్కింది. కిడ్నీలు దారికి రావడానికి మూడు వారాలు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. ఆ నలభై నిమిషాల వల్లే అలా అయిందని నేను చెప్పలేను. కానీ చేతిలో ఒక్క గాజు ట్యూబు లేక నిలబడిపోవడం ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. ఆ నెల నుంచి రిటైరయ్యేదాకా నా టేబుల్ సొరుగులో డజను కొత్త గాజు ట్యూబులు ఒక డబ్బాలో ఎప్పుడూ ఉండేవి. ఒక టీ ఖర్చు కూడా కాదు ఒక్కోటి.

రెండోది అట్రోపిన్. పంట పోయిన ఏడాది పురుగుల మందు తాగి వచ్చేవాళ్ల గురించి ఈ ఊళ్లో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మామూలు ట్రాలీలో అయిదో పదో ఆంపూళ్లు పెడతారు. పురుగుల మందు కేసులో మొదటి డోసుకే మూడు నుంచి అయిదు ఆంపూళ్లు పడతాయి. అయిదు నిమిషాలకు ఊపిరితిత్తుల్లో నీరు తగ్గకపోతే రెట్టింపు ఇస్తారు, ఆ తర్వాత మళ్లీ రెట్టింపు. లెక్క వేసుకోండి, పది ఆంపూళ్లు ఏ మూలకు? మన ప్రాంతం ట్రాలీకి అవి పెట్టెల లెక్కన కావాలి.

మూడోది మందుల బీరువా, ఫ్రిజ్. ఇన్సులిన్, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం ఎండ సంగతి తెలుసు కదా, కరెంటు పోతే మందు సీసా అలాగే ఉంటుంది, సత్తువే పోతుంది. చూసేవాళ్లకు తెలియదు. అందుకే ఫ్రిజ్‌లో థర్మామీటరు, తలుపు మీద రోజుకు రెండుసార్లు రాసే కాగితం ఉండాలి. అందులో టిఫిన్ క్యారియర్లు పెట్టకూడదు, ఎన్నిసార్లు తలుపు తెరిస్తే అన్నిసార్లు వేడి లోపలికి పోతుంది. పొటాషియం క్లోరైడ్ ఆంపూలు, డిస్టిల్డ్ వాటర్ ఆంపూలు చూపుకు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. మొదటిది కలపకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ రెండూ ఒకే ట్రేలో ఉండకూడదు. దానికి ఎర్ర లేబులున్న వేరే డబ్బా, వేరే అర. మత్తు మందులకు రెండు తాళాల బీరువా, రిజిస్టరు.

నాలుగోది చేతులు కడుక్కోవడం. ఇక్కడ మన కరువు గుర్తుకు రాక తప్పదు. ట్యాంకర్ వస్తేనే కుళాయి పారే రోజులు మనకు కొత్త కాదు. మోచేత్తో తిప్పే కుళాయి, సింకు టేబుల్ పక్కనే ఉండాలి, నిజమే. దాంతోపాటు ఆల్కహాల్ హ్యాండ్ రబ్ సీసా ప్రతి మంచం దగ్గరా ఉండాలి. చేతులు మురికిగా కనబడనప్పుడు 20, 30 సెకన్లు దాంతో రుద్దుకుంటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. బొట్టు నీళ్లు అక్కర్లేని పద్ధతి ఇది, మన సీమ కోసమే చెప్పినట్టుంది. పక్కనే చెత్త డబ్బాలు. 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూదికి పసుపు, ప్లాస్టిక్ సెట్లకు ఎరుపు, సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా, గాజు సీసాలకు నీలం. సూది డబ్బా వార్డు చివర ఉంటే, వాడిన సూది పట్టుకుని సిస్టరు వార్డంతా నడవాలి. ఆ నడకలోనే గుచ్చుకుంటుంది.

ఇక చిన్నవి చెప్తాను, వీటికి ఎవరూ దానం ఇవ్వరు. సెకన్ల ముల్లున్న పెద్ద గోడ గడియారం. నాడి చూడాలన్నా, సెలైన్ చుక్కలు లెక్కపెట్టాలన్నా అదే ఆధారం. మామూలు సెట్టులో ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. ఇన్వర్టరు మీద వెలిగే రెండు లైట్లు, ఛార్జింగు టార్చి. మంచాల నంబర్లున్న తెల్ల బోర్డు. అంబులెన్సు, బ్లడ్ బ్యాంకు, పై ఆస్పత్రుల నంబర్లు పెద్ద అక్షరాల్లో రాసిన చార్టు. వీపుకు ఆనుడున్న రెండు కుర్చీలు. సిస్టర్లు బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న చిన్న గది, బాత్‌రూము, లాకరు, తాగే నీళ్లు. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసే ఆడపిల్ల నీళ్లు తాగితే బాత్‌రూముకు పోవాల్సి వస్తుందని తాగకుండా ఉండే వార్డులు నేను చూశాను. అలసిపోయిన చెయ్యి మందు లేబులు తప్పు చదువుతుంది. ఆ గది రోగి కోసమే అనుకోండి.

నర్సు ఉద్యోగమంటే ఒకప్పుడు ఇళ్లలో ఒప్పుకునేవారు కాదు. ఇప్పుడు బత్తలపల్లిలో ఆర్డీటీ వాళ్ల నర్సింగ్ స్కూలు లాంటివి వచ్చాక మన పల్లెల పిల్లలు ఎందరో ఆ యూనిఫాం వేసుకున్నారు. ఈ బడిలో చదివే పిల్లల్లోంచి కూడా రేపు సిస్టర్లు వస్తారు. వాళ్లు వచ్చి కూర్చునే కుర్చీ ఇది.

చివరగా, ఇచ్చే పద్ధతి గురించి మూడు మాటలు. మొదటిది, కొనడానికి ముందు అక్కడి సిస్టర్లను, డాక్టర్లను, ఆస్పత్రి అభివృద్ధి కమిటీని కూర్చోబెట్టి అడగండి. నా జాబితా కన్నా రాత్రి డ్యూటీ చేసే పిల్ల చెప్పే జాబితా మంచిది. రెండోది, ఇచ్చిన ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టరులో ఎక్కించండి, లేకపోతే పాడైన రోజు బాగు చేయించే దిక్కు ఉండదు. మూడోది, వసూలైన డబ్బంతా మొదటి రోజే ఖర్చు పెట్టొద్దు. కొంత బ్యాంకులో వేసి బ్యాటరీలకు, బల్బులకు, రిపేర్లకు ఏటా ఇవ్వండి. బ్యాటరీ లేక మూలన పడ్డ మిషన్లు చూసి చూసి నా కళ్లు కాయలు కాచాయి. దాతల పేర్లు తప్పక రాయించండి, కానీ మందు సీసా మీది లేబులు కన్నా చిన్న అక్షరాల్లో, గోడకు ఒకే పలక మీద.

ఆర్చి కట్టిస్తే రోడ్డున పోయే వాళ్లందరికీ కనబడుతుంది. ఈ టేబుల్ వార్డులో పడుకున్నవాళ్లకు తప్ప ఎవరికీ కనబడదు. కానీ అక్కడ పడుకునేది మన అమ్మానాన్నలు, మన బిడ్డలు. కమిటీ ఒప్పుకుంటే నా పింఛనులోంచి ఎమర్జెన్సీ ట్రాలీ మొదటి సొరుగు నేను నింపుతాను. నెలకోసారి వచ్చి లెక్క చూసే పని కూడా నాదే. మిగతా సొరుగులు మీవి.