రాగిరేకుపై తెలుగు తీరము



ఖరగ్‌పూరునందలి తెలుగు కుటుంబములు సెలవులకు వాల్తేరు వైపు పోవునపుడు రైలు సువర్ణరేఖా నదిని దాటును. ఆ నది సముద్రమున కలియుచోట పూర్వము పిప్లి యను రేవుండెను. 17వ శతాబ్దిలో వలందులు, అనగా డచ్చివారు, అచట వర్తకము చేసిరి. పిదప ఆ రేవు మేటవేసి నశించినది. వలందుల పటములలో మాత్రము దాని పేరు నిలిచియున్నది. అచటినుండి బందరు వరకును, ఇంకను దక్షిణముగను గల తీరమును వారు రాగిరేకులపై చెక్కించిరి.

అది ఓర్పుతో కూడిన పని. నునుపైన రేకుపై సన్నని ఉక్కుమొనతో గీతలను, అక్షరములను కుడియెడమలు తారుమారుగా చెక్కవలెను. గీతలలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితమును అదిమినచో పటము సరిగా దిగును. చెక్కువాడు ఆంస్టర్‌డాములో కూర్చుండి, తానెన్నడును చూడని రేవుల పేర్లు చెక్కుచుండెను. 1596లో అచ్చటనే వెలువడిన లిన్‌స్ఖోటెన్ గ్రంథమునందలి పటములకు పోర్చుగీసువారి పటములే ఆధారము. వానిలో కొన్నింటిని వాన్ లాంగ్రెన్ సోదరులు చెక్కిరి.

ఈ పటములలో తీరము వెంబడి పేర్లు చీమలబారువలె నుండును. లోపలి దేశమందో, ఏనుగుల బొమ్మలును, ఎవ్వరును చూడని చియామయి సరస్సును కానవచ్చును. ఓడకు కావలసినది రేవు. ఆ ఓడలు నింపుకొనిపోయిన బట్టను నేసిన పల్లెలు చాలవరకు పటమున కెక్కలేదు.

మరియొక విశేషము. ఈ సొగసైన పటములను కొన్నవారు ధనికులు. నావికునకు కంపెనీ యిచ్చినది చేతితో గీసిన వేరొక పటము, అది రహస్యము. 1633 నుండి కంపెనీకి పటకర్తయైన విల్లెం బ్లావ్, ఒకచేత అట్లసులు అమ్ముచు, వేరొకచేత ఆ రహస్యమును కాపాడవలసివచ్చెను. ఆసియా తీరముల నావికపటములు వాన్ క్యులెన్ ప్రచురణలో అచ్చుపడుటకు 1753 దాక పట్టినది!

పటములపై మచిలీపట్టణము మసులిపటామైనది, భీమునిపట్టణము బిమిలిపటామైనది. చెవికి సోకినట్లు వ్రాసికొనిరి. నవ్వనక్కరలేదు, హాలెండువారిని వలందులను చేసినది తెలుగువారే గదా! చెక్కినవాని పేరు తరచుగా పటము మూలన నుండును. ఊరి పేరు పలికి వినిపించిన సరంగు పేరు ఎచ్చటను లేదు. 1605లో వలందుల ఓడ చేరిన బందరులో మాత్రము ఒక పేటకు వలందపాలెమను పేరు నేటికిని కలదు.