పులి-మేక ఫోనులోకి వచ్చింది
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు మాట్లాడినారు. కార్యదర్శిగారు నన్ను ఆటల గురించి చెప్పమన్నారు. పది నిమిషాలకు మించి తీసుకోను.

ఈ మధ్య పిల్లల ఫోన్లలో చదరంగం కొంత, డ్రాఫ్ట్స్ కొంత కలిపి తయారుచేసిన ఆటలు వస్తున్నవి. మా మనుమడు అట్లాంటిదొకటి చూపించి, "ఇది కొత్తది తాతా" అన్నాడు. ఆట కొత్తదే కావచ్చు. కలపడం మాత్రం కొత్త కాదు. మన పులి-మేకను చూడండి. దాడి ఆటలో లాగా మేకలను ఒక్కొక్కటే పెట్టాలి, అన్నీ పెట్టిన తర్వాతనే జరపాలి. డ్రాఫ్ట్స్‌లో లాగా పులి పక్కనున్న మేక మీదుగా దూకి చంపుతుంది. చివరకు చదరంగంలో లాగా పులికి కదిలే దారి లేకుండా ఆట కట్టించాలి.

అయితే ఒక తేడా ఉన్నది. చదరంగంలో ఇరుపక్షాలకు పదహారేసి కాయలు, సమాన బలం. ఇక్కడ పులులు 3, మేకలు 15, గీతలు కలిసే చోట్లు 23. పులి చంపగలదు, మేక చంపలేదు. అయినా మేకలు గెలుస్తవి. ఎట్లాగంటే, మేక వెనుక చోటు ఖాళీగా ఉంటేనే పులి దూకగలదు. అక్కడ ఇంకొక మేక నిలబడితే పులి ఏమీ చేయలేదు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చినందుకే మనం ఏటా ఈ రోజున కలుస్తున్నాము. ఆ కేసు తెలిసినవారికి మేకల ఆట నేను నేర్పనక్కరలేదు!

1985లో మండలాలు రాకముందు నేను పనిచేసిన ఒక తాలూకా కచేరి అరుగు మీద, నాపరాయిపై ఈ గీతలు చెక్కి ఉండేవి. పహాణీ నకలు కోసం వచ్చిన రైతులు చింతగింజలు మేకలుగా, గులకరాళ్లు పులులుగా ఆడేవారు. నకలు చేతికి వచ్చినా ఆట ముగిసేదాకా లేచేవారు కాదు. ఆడేవారిద్దరైతే సలహాదారులు పదిమంది.

ఇప్పుడిది ఫోనులో కూడా ఉన్నది. నేపాల్‌వారి బాఘ్‌చాల్ కూడా దొరుకుతుంది. అందులో పులులు 4, మేకలు 20. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే అది డ్రా అవుతుందని కంప్యూటరుతో లెక్కకట్టి తేల్చారు కూడా. ఫోనులో గింజలు పోవు, దొంగాట సాగదు. ఒంటరిగా ఉన్నవారికి పొద్దు గడుస్తుంది. నాకు అభ్యంతరం లేదు. డబ్బు పెట్టమనే ఆటలు మాత్రం ముట్టవద్దు. వాటిని మన రాష్ట్రంలో 2017లో, దేశమంతటా 2025లో చట్టం చేసి నిషేధించారు. పెన్షన్ ఖాతా ఉన్న ఫోను పిల్లల చేతికిచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నా బాధ వేరే ఉన్నది. మొదట పులులను ఎక్కడ పెట్టాలి, ఎన్ని మేకలు పోతే ఓడినట్టు, అనే వాటికి ఊరికొక పద్ధతి ఉండేది. ఫోనులో తయారుచేసినవారు పెట్టిన పద్ధతి ఒక్కటే ఉంటుంది. రేపు పిల్లలు అదే మొత్తం ఆట అనుకుంటారు. మిగతా పద్ధతులు తెలిసినవారు ఈ హాలులోనే ఉన్నారు, మన వయసులూ మనకు తెలుసు.

కనుక ఒక మనవి. ఒక తెల్లకాగితం మీద మీ ఊరి పేరు, గీతల పటం, పులులెన్ని, మేకలెన్ని, గెలుపెట్లా అనేది రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. చేయి వణికేవారు మనుమలతో రాయించండి. భోజనాల తర్వాత వెనుక బల్ల మీద సుద్దముక్కతో పటం గీసి ఉంచుతాము. చింతగింజలు నేను తెచ్చాను. పులులు మూడే ఉన్నవి, ముందు వచ్చినవారికి ఇస్తాము.