ఒక విశేషణము కథ

నేటి నా ప్రసంగమునకు విషయము "ఇగ్రీజియస్" అను నొక ఆంగ్ల విశేషణము. ఇది తరచుగా వినబడు మాట కాదు. దీనివలన నేనొక శిష్యునకు అపకారము చేసితిని గనుక, నాకు మాత్రము మరపునకు రాదు.

నేను క్రొత్తగా బడిపంతులనైన దినములలో, ఒక పేదరైతు కుమారుడు పట్టణమున గుమాస్తా పనికై యోగ్యతాపత్రము వ్రాసి యిమ్మని కోరెను. వాడు తరగతిలో మొదటివాడు. సామాన్యపదములు వానికి చాలవని తలచి, ధాతువుల నెరిగిన గర్వముతో "ఇగ్రీజియస్ విద్యార్థి" యని వ్రాసితిని.

వ్యుత్పత్తి విషయమున నేను పొరబడలేదు. లాటిన్ భాషలో "గ్రెక్స్" అనగా మంద. "ఎ" అనగా వెలుపలికి. మందనుండి వేరుగా నిలిచినది, అనగా శ్రేష్ఠమైనది "ఎగ్రేగియుస్". క్రీస్తుశకము 2, 3 శతాబ్దములలో రోమక సామ్రాజ్యమున కొందరు రాజోద్యోగులకు ఇది గౌరవబిరుదము. ఇటలీ దేశస్థులు నేటికిని మర్యాదగా వ్రాయు జాబులలో "ఎగ్రేజియో" యని సంబోధింతురు. జనము కూడుటకు కాంగ్రిగేషన్ అనియు, వేరుచేయుటకు సెగ్రిగేషన్ అనియు ఆంగ్లమున నున్న మాటలు ఈ మందనుండి పుట్టినవే.

16వ శతాబ్దమున ఇంగ్లీషులో ప్రవేశించినప్పుడును ఇది స్తుతివాచకమే. కాని పరిహాసముగా ప్రయోగింపగా ప్రయోగింపగా, స్తుతి నశించి నింద మిగిలెను. ఇప్పుడు దీని యర్థము "కొట్టవచ్చినట్లు కనబడు చెడుగు" అనియే. మన "ఛాందసుడు" అను మాటయు నట్టిదే. ఛందస్సనగా వేదము, వేదము చదివినవాడు ఛాందసుడు. నేడు ఆ పేర పిలిచినచో ఎవరు సంతోషింతురు?

పట్టణమున ఆ పత్రము చదివిన యధికారి "మీ గురువే నిన్ను దుష్టుడని వ్రాసినాడే" యని నవ్వి, చిన్నవానిని పంపివేసెను. వాడు తిరిగివచ్చి, కాగితము నా చేతికిచ్చి, "అయ్యవారూ, నేనేమి తప్పు చేసినానండీ?" అని మాత్ర మడిగెను. మరునాడు నేనే వెళ్ళి విన్నవించితిని. అప్పటికే ఆ పని మరియొకని కిచ్చిరి.

యౌగికార్థముకంటె రూఢ్యర్థము బలవత్తరమని మన శాస్త్రకారులు చెప్పిన మాట నేను చదివియే యుంటిని. ఆ దినమున నేర్చుకొంటిని. మీరును పిల్లల మేలుకోరి యెవరికైనను జాబు వ్రాయునప్పుడు, మాటకు మీరెరిగిన యర్థముకంటె, చదువువాడు గ్రహించు నర్థమును ముందుగా విచారింపుడు.