సీజియం: ఉపయోగాలు, ప్రమాదాలు
(రాయపూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంటర్మీడియెట్ చదివిన సుబేదారును, సైంటిస్టును కాను. అయినా ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానంటే, మనవాళ్ళు కొందరు పెన్షన్ వచ్చాక ఇక్కడి ఉర్లా, సిల్తరా మిల్లుల్లో సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నారు. పాత ఇనుము లారీలు వచ్చేది ఆ గేట్లలోంచే.

సీజియం బంగారు ఛాయ గల మెత్తని లోహం. 28.5 డిగ్రీలకే కరుగుతుంది. అంటే మన రాయపూర్ ఎండలకు సీసాలో నీళ్ళలా ఉంటుందన్నమాట. నీరు తగిలితే పేలుతుంది. మామూలు సీజియం మనకు బాగా పనికొస్తుంది. 1967 నుంచి సెకనును లెక్కగట్టేది సీజియం పరమాణువుతోనే. నైట్ విజన్ పరికరాల్లో మసక వెలుగును పట్టే పొరలో కూడా ఇది ఉంటుంది.

భయమంతా సీజియం-137తో. ఇది అణు రియాక్టర్లలో పుడుతుంది, సగానికి తగ్గడానికే 30 ఏళ్ళు. ఫ్యాక్టరీ తొట్లలో మట్టం కొలవడానికి, చమురు బావుల పరీక్షకు సీసపు డబ్బాలో పెట్టి వాడతారు. బయటపడితే దాని కిరణాలు కంటికి కనపడవు, చర్మాన్ని కాలుస్తాయి, రక్తాన్ని పాడుచేస్తాయి. కడుపులోకి పోతే కండరాల్లో చేరుతుంది. ప్రష్యన్ బ్లూ అనే మందుతో కొంత బయటికి పంపిస్తారు.

2019 జనవరిలో రాజమండ్రి ఓఎన్‌జీసీ వారి సీజియం డబ్బా కనపడకుండా పోయి, కృష్ణా జిల్లా కలిదిండిలో పాత ఇనుము కొట్టులో దొరికింది. బ్రెజిల్‌లోని గోయానియాలో 1987లో ఇలాంటిదే తెరిచారు. మూతపడ్డ ఆసుపత్రి యంత్రంలోని పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే, ముచ్చటపడి చుట్టాలకు పంచారు. 249 మందికి అంటింది, నలుగురు పోయారు. అనుమానించి దాన్ని సంచిలో పెట్టి బస్సులో ఆరోగ్య శాఖకు తీసుకెళ్ళిన ఇల్లాలు కూడా ఆ నలుగురిలో ఉంది.

సైనికుల సంగతీ చెప్పాలి. జార్జియా దేశంలో లీలో శిక్షణ కేంద్రంలో 1997లో 11 మందికి మానని పుండ్లు. సోవియట్ సైన్యం వదిలివెళ్ళిన సీజియం ముక్కలే కారణం. ఒకటి ఓవర్‌కోటు జేబులో దొరికింది!

కొలిమిలో పడితే ఇది ఇనుములో నిలవదు, ఆవిరై పొగలో, ధూళిలో కలుస్తుంది. 1998లో స్పెయిన్‌లో అదే జరిగింది.

కాబట్టి చిన్నదైనా విపరీతమైన బరువున్న డబ్బా, మూడు రెక్కల గుర్తు కనపడితే చేయి పెట్టకండి. లారీని పక్కన ఆపించి, మనుషుల్ని దూరం పంపి, మేనేజరుకు, పోలీసులకు చెప్పండి. డ్రైవరు తొందరపెడతాడు. పెట్టనీయండి.