బదిలీ జాబితాలో మన పేరు



మన బేతంచెర్ల ప్రాంతపు సచివాలయాలలో పనిచేస్తున్న పిల్లలు కొందరు ఇటీవల నా వద్దకు వచ్చి, "చాచా, ఉద్యోగమైతే ఉంది గానీ మనసు నిలవడం లేదు" అన్నారు. వారి బాధ నిజమైనదే. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు నెలకు రూ.15,000 మీద చేరారు. రెండేళ్ళ ప్రొబేషన్ అన్నారు. అది 2022 నడుమకు గాని తేలలేదు. 2025లో జనాభాను బట్టి సచివాలయాలను విభజించి సిబ్బందిని సర్దుబాటు చేశారు. బి.సి.-ఇ కింద వచ్చినవారికి మరొక దిగులు కూడా ఉన్నది. 2007 నాటి నాలుగు శాతం రిజర్వేషన్ సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదనే నడుస్తున్నది.

మార్పు మాకూ కొత్త కాదు. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలను తీసివేసి వెయ్యికి పైగా మండలాలను ఏర్పరచినప్పుడు నేను చిన్న గుమాస్తాను. మా అధికారి అందరినీ కూర్చోబెట్టి, సీనియారిటీ జాబితా చదివి, ఎవరు ఎక్కడికి, ఎందుకు వెళుతున్నారో చెప్పారు. నేను వెళ్ళిన చోట కుర్చీ కూడా లేదు. రికార్డు మూటల మీద కూర్చుని అడంగళ్ళు రాశాను. అయినా ఆ రెండేళ్ళు చేసినంత ఇష్టంగా తరువాత ఎన్నడూ పనిచేయలేదు.

తరువాత మరొక కార్యాలయంలో సాయంత్రం అయిదు దాటాక ఉత్తర్వు చేతిలో పెట్టారు. కారణం చెప్పలేదు, జాబితా చూపలేదు. నా పేరు చూసే పంపారని ఏడాది పాటు నమ్మాను. ఆ ఏడాది ఫైళ్ళు కదిపాను గానీ పని చేశానని చెప్పలేను. చాలాకాలానికి జాబితా చూస్తే, నాతోపాటు వెళ్ళిన ఆరుగురిలో అయిదుగురు ముస్లిములు కారు! పేరు చూసి పంపడం ఎక్కడా లేదని నేననను, ఉన్నది. కాని మూసిన జాబితా ఉన్నదానినీ లేనిదానినీ ఒకటిగా చూపుతుంది. ఇతరులకు అది చిరాకు, మనకు అనుమానం.

2022 ఏప్రిల్ 4న మనం కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారాము. ఇల్లు కదలలేదు, చిరునామా మారింది. ఉద్యోగులకు మాత్రం ఎవరు ఎటు అన్న ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు.

కాబట్టి అధికారులారా, జాబితాను నోటీసు బోర్డుకు అంటించండి. పిల్లలారా, అనుమానాన్ని ఇంటికి మోసుకుపోకండి, కాగితం అడగండి. సమాచార హక్కు చట్టం కింద ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. మండల స్థాయిలో రుసుము అయిదు రూపాయలే. జాబితాలో అన్యాయం కనబడితే సంఘంతో కలిసి, ఇతర మతాల సహోద్యోగులను కూడా వెంటబెట్టుకొని వెళ్ళండి. దరఖాస్తు రాయడం రాకపోతే అసర్ నమాజు తరువాత మా ఇంటికి రండి. నా చేతిరాత ఇంకా చదవదగినట్టే ఉన్నది.